నౌకాదళం పిల్లలకు సొంతూరు ఏది? విశాఖ స్టూడియో చర్చ

నిర్వాహకురాలు: నమస్కారం. 1971 యుద్ధం తర్వాత విశాఖ తూర్పు నౌకాదళంలో పనిచేయడానికి దేశం నలుమూలల నుంచి నావికుల కుటుంబాలు వచ్చాయి. మన జిల్లాల నావికుల పిల్లలేమో ముంబయిలో, కొచ్చిలో పెరిగారు. మాస్టారూ, మీ నాన్నగారిది టెక్కలి వైపు కదా?

ఉపాధ్యాయుడు: అవునండీ. నాన్న జలాంతర్గామిలో చేశారు. కుర్సురా లాంటివి సోవియట్ యూనియన్ నుంచి వచ్చినవి, అందుకని రష్యన్ కూడా నేర్చుకున్నారు. మాకు ఇంట్లో తెలుగు, బయట హిందీ. తెలుగు చదవడం, రాయడం మాత్రం నాకు రాదు. అమ్మ నానమ్మకు ఇన్‌లాండ్ ఉత్తరం రాసి, అడుగున నాలుగు వేళ్ల చోటు నాకు వదిలేది. అందులో నేను తెలుగు మాటలే హిందీ అక్షరాల్లో రాసేవాణ్ని. ఆ నాలుగు ముక్కలు చదివించుకోవడానికి నానమ్మ ఊళ్లో హిందీ పంతులుగారి ఇంటికి వెళ్లేది.

నిర్వాహకురాలు: బడిలో తెలుగు చెప్పలేదా?

ఉపాధ్యాయుడు: కేంద్రీయ విద్యాలయాలు 1963లో మొదలైందే బదిలీల మీద తిరిగేవారి పిల్లల కోసం. ఏ ఊరు వెళ్లినా అవే పుస్తకాలు. ఆ మేలు మరువలేను. కానీ హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం అయ్యాక ఊరి భాషకు చోటెక్కడిది?

నిర్వాహకురాలు: మేడం, మీ అనుభవం ఇందుకు పూర్తిగా వేరు.

బ్యాంకు అధికారి: మాది కేరళలోని పాలక్కాడు. నేను పుట్టింది, చదివింది ఇక్కడే. ఓణానికి పూర్ణా మార్కెట్ బంతిపూలతోనే ముగ్గు వేసేవాళ్లం. నాన్న నెలల తరబడి సముద్రం మీద ఉంటే, మాకు జ్వరం వచ్చినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లింది పక్కింటి పిన్నిగారే. నా తెలుగంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. ఇంకో మాట చెప్పాలి. బీచ్ రోడ్డులో 1996లో కట్టిన విజయస్తూపం దగ్గరికి నాన్న మమ్మల్ని తీసుకెళ్లారు. ఆ 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ విశాఖ దగ్గర మునిగినప్పుడు లోపలున్న వారెవరూ బతకలేదు. వాళ్లకూ పిల్లలుంటారని ఆయన అక్కడే చెప్పారు. గెలిచిన నావికుడు ఆ మాట అనడం నేను ఈనాటికీ మరచిపోలేదు.

ఉపాధ్యాయుడు: మంచి మాట అన్నారమ్మా. ఇప్పుడు చూడండి, 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్ష ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. ఆ లెక్కన ఈ అమ్మాయి స్థానికురాలు. ఇంటర్‌కి ఇక్కడికి వచ్చిన నేను నాన్న పుట్టిన గడ్డ మీద స్థానికేతరుణ్ని!

నిర్వాహకురాలు: అన్యాయమంటారా?

ఉపాధ్యాయుడు: అనను. ఇక్కడే ఉండి చదివిన పిల్లలకు ఆ రక్షణ కావాలి. నా బాధ సీటు గురించి కాదు, అక్షరాల గురించి. బదిలీ ఉత్తర్వు ఇచ్చే ప్రభుత్వమే పిల్లలకు అమ్మభాష రాతను కూడా అందించాలి.

బ్యాంకు అధికారి: అమ్మభాష ఒక్కటే చాలదండీ, ఉన్న ఊరి భాష కూడా రావాలి. అది రాకపోతే నాకు పిన్నిగారే లేరు.

ఉపాధ్యాయుడు: నిజమే, ఒప్పుకుంటాను. తగినంత మంది పిల్లలు కోరితే కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాంతీయ భాష చెప్పించే వీలుంది. క్వార్టర్లలో ఉన్న తల్లిదండ్రులు ఏప్రిల్‌లో తరగతులు మొదలయ్యేటప్పుడే కలిసి వెళ్లి అడగండి. విడివిడిగా అడిగితే పని జరగదు.