తకిట తక: ‘టైమ్ అవుట్’ వినే ముందు

అందరికీ నమస్కారం. ముందుగా తొడ మీద తాళం వేస్తూ నాతో పాటు అనండి. తకిట తక, తకిట తక. మూడూ రెండూ, అయిదు. మన ఖండచాపు తాళం తక తకిట అని నడుస్తుంది కదా, ఇది దాన్ని తిరగేసినట్టు ఉంటుంది.

1959లో న్యూయార్క్‌లో పియానిస్ట్ డేవ్ బ్రూబెక్ క్వార్టెట్, అంటే నలుగురి జాజ్ బృందం, రికార్డు చేసిన ‘టైమ్ అవుట్’ ఆల్బమ్‌లో ‘టేక్ ఫైవ్’ అనే బాణీ నడక ఇదే. అప్పటి జాజ్ చాలావరకు నాలుగు దెబ్బల మీదే నడిచేది. అందుకే ఆల్బమ్ విడుదల చేసే కొలంబియా రికార్డు కంపెనీలో కొందరు భయపడ్డారు. దీనికి జనం డాన్స్ ఎలా చేస్తారు? తెలిసిన పాట ఒక్కటీ లేదు, అట్ట మీద ఫొటో కూడా లేదు, పెయింటింగ్ వేశారు! ఆ ఆల్బమే తర్వాత పది లక్షలు దాటి అమ్ముడైంది.

ఈ లెక్కలు కాగితం మీద పుట్టినవి కావు. 1958లో అమెరికా ప్రభుత్వం తరఫున కచేరీలు చేస్తూ బ్రూబెక్ టర్కీ వెళ్లాడు. ఇస్తాంబుల్ వీధిలో కొందరు తొమ్మిది దెబ్బల్లో వాయిస్తుంటే విన్నాడు. తక తక తక తకిట. ఈ ఆల్బమ్‌లోనే ఉన్న ‘బ్లూ రోండో అలా టర్క్’ అక్కడి నుంచే వచ్చింది. అదే నడక మూడుసార్లు, నాలుగోసారి తకిట తకిట తకిట. మధ్యలో అది హాయిగా నాలుగు దెబ్బల బ్లూస్ శైలిలోకి జారుతుంది. ఆ జారే చోట నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

‘టేక్ ఫైవ్’ రాసింది శాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. డ్రమ్మర్ జో మొరెల్లోకి అయిదు దెబ్బల్లో సోలో ఇవ్వాలని రెండు చిన్న బాణీలు కడితే, బ్రూబెక్ వాటిని జత చేశాడు. మొరెల్లో సోలోలో గమనించండి, అతను గబగబా వాయించి మెప్పించాలని చూడడు. ఒక దెబ్బ కొట్టి ఆగుతాడు. ఆ ఖాళీలో మనకు లెక్క తప్పుతుందేమోనని టెన్షన్. కానీ వెనక పియానో అదే రెండు ముక్కల వరసను వదలకుండా తిప్పుతూ ఉంటుంది. కచేరీలో మృదంగం తని, అంటే ఒంటరిగా తన వంతు, వాయిస్తుంటే ఆ పక్కన తాళం వేస్తూ కూర్చున్న గాయకుడి చేయి లాంటిది ఆ పియానో.

ఇప్పుడు రికార్డు పెడుతున్నాను. డ్రమ్స్ ఆగిపోయినట్టు అనిపించిన చోట కూడా మీ చేయి మాత్రం ఆపకండి.