బ్లాక్ కనబడితే స్టెంటేనా? స్టూడియో చర్చ

యాంకర్: గుండె రక్తనాళంలో బ్లాక్ ఉందనగానే, నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, అదే స్టెంట్, వేసేస్తున్నారన్న విమర్శ మళ్లీ రాజుకుంది. సూటిగా అడుగుతున్నా డాక్టర్ గారూ, రోగిని భయపెట్టి వేస్తున్నారా?

కార్డియాలజిస్టు: అలా గంపగుత్తగా అనకండి. గుండెపోటులో నాళం మూసుకుపోయి, నిమిషనిమిషానికీ కండరం చచ్చిపోతుంటుంది. అక్కడ స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. దాని మీద...

ఫిజీషియన్: దాని మీద గొడవే లేదు సర్. నడిస్తే నొప్పి, ఆగితే తగ్గే ఆంజైనా సంగతి చెప్పండి. 2007లో కరేజ్, 2020లో ఇస్కీమియా అనే అధ్యయనాలు వచ్చాయి... మందులు సరిగ్గా వాడుతున్నవాళ్లకు స్టెంట్ కలిపినా మరణాలు తగ్గలేదు. ఇస్కీమియాలో ఐదు వేలమందికి పైగా...

కార్డియాలజిస్టు: ఆగండాగండి! ఎడమ ప్రధాన ధమనిలో బ్లాక్ ఉన్నవాళ్లను అందులో తీసుకోలేదు. గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్లనూ తీసుకోలేదు. ఆ మాట చెప్పరేం?

యాంకర్: అంటే మిగతావాళ్లకు అనవసరంగా వేస్తున్నట్టేగా?

కార్డియాలజిస్టు: నన్ను పూర్తి చేయనివ్వండి. నొప్పి తగ్గడం చిన్న విషయమా? 2023లో ఆర్బిటా-2 అధ్యయనంలో కొందరికి స్టెంట్ వేశారు, కొందరికి వేసినట్టు నటించారు. నిజంగా వేసినవాళ్లకే నొప్పి బాగా తగ్గింది.

ఫిజీషియన్: ఆంజైనా మందులు ఆపేసి చూశారు కదా! మందులు గట్టిగా ఇచ్చిన 2017 నాటి ఆర్బిటాలో...

కార్డియాలజిస్టు: (గొంతు పెంచి) రోజూ గుప్పెడు మాత్రలు మింగేది రోగి, మీరు కాదు!

సర్జన్: నాకూ ఒక్క నిమిషం. మధుమేహం ఉండి, ఒకటికి మించి నాళాల్లో బ్లాకులుంటే బైపాసే మేలని 2012లో ఫ్రీడమ్ అధ్యయనం తేల్చింది. మరణాలూ గుండెపోట్లూ తగ్గాయి. పక్షవాతం మాత్రం బైపాస్ వైపే ఎక్కువ, అదీ చెప్పాలి.

కార్డియాలజిస్టు: ఛాతీ కోయించుకోవడానికి రోగి ఒప్పుకోవాలిగా! 1977లో జ్యూరిక్‌లో డాక్టర్ గ్రుంట్‌జిగ్ బెలూన్‌తో గుండె నాళం తెరిచిననాటి నుంచి మందు పూసిన స్టెంట్ల దాకా వచ్చాం. ఆ రోజుల్లో...

సర్జన్: చరిత్ర తర్వాత సర్. రెండు దారులూ రోగికి చెప్పారా? యాంజియో బల్ల మీద పడుకోబెట్టి అడిగితే ఎవరు కాదంటారు?

యాంకర్: అదిగో, భయపెట్టడమంటే అదే!

కార్డియాలజిస్టు: కాదండీ! ఎమర్జెన్సీలో...

ఫిజీషియన్: మళ్లీ ఎమర్జెన్సీయేనా? స్టెంట్ వేయించుకున్నా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర తప్పదు, పొగ మానక తప్పదు. జబ్బు ఆ ఒక్క బ్లాక్‌లోనే లేదు, నాళాలన్నిటా...

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు)

యాంకర్: సమయం లేదు. కార్డియాలజిస్టు గారూ, చివరి మాట మీదే.

కార్డియాలజిస్టు: ఛాతీలో నొప్పి పట్టేస్తే ఈ వాదనలు తలచుకుంటూ ఇంట్లో కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి రండి. స్టెంట్‌ను దోషిని చేయకండి.

ఫిజీషియన్: మనం మాట్లాడుతున్నది నిలకడగా ఉన్నవాళ్ల గురించి...

యాంకర్: క్షమించాలి మేడమ్, బ్రేక్‌కు వెళ్లాలి.