పాత బోర్డు మీది చిప్‌ను పీకకముందే చదవండి

[దృశ్యం: కామడోర్ 64 మదర్‌బోర్డు. పక్కనుంచి ఏటవాలుగా టార్చి వెలుతురు.]

నమస్కారం. ఇది 1982లో అమెరికాలో విడుదలైన కామడోర్ 64 కంప్యూటర్ బోర్డు. ఇలాంటి బోర్డు చేతికి రాగానే చిప్‌లన్నీ పీకి డబ్బాలో వేసుకునేవారు చాలామంది ఉన్నారు. దయచేసి అలా చేయకండి. ఒక చిప్ ఫ్యాక్టరీలో పెట్టినదా, ఆ తరువాత ఎవరైనా మార్చినదా అన్నది తేల్చే ఆధారం సగం దాని మీద ఉంటే, మిగతా సగం దాని ఇరుగుపొరుగు చిప్‌ల మీద ఉంటుంది.

[దృశ్యం: 6581 చిప్, దగ్గరగా.]

28 కాళ్ల ఈ చిప్ పేరు సిడ్, శబ్దాలు పుట్టించే ఈ కంప్యూటర్‌కు గొంతు ఇదే. రూపొందించినవారు బాబ్ యానెస్. 6581 అన్నది దాని నంబరు, కింద ఉన్న 4882 తయారీ తేదీ. చాలా కంపెనీలు ముందు సంవత్సరం, తరువాత వారం ముద్రిస్తాయి కనుక 8134 అంటే 1981లో 34వ వారం. ఇక్కడ అలా చదివితే 82వ వారం వస్తుంది, ఏ సంవత్సరానికీ అన్ని వారాలు ఉండవు. దీన్ని తయారుచేసిన మాస్ టెక్నాలజీ వారాన్ని ముందు వేసేది కాబట్టి ఇది 1982లో 48వ వారం.

[దృశ్యం: అదే బోర్డు మీద 7406.]

అనుభవం ఉన్నవారు కూడా పొరబడేది ఇక్కడే. ఈ 7406ను 1974లో 6వ వారమని చదవాలనిపిస్తుంది, కానీ అది ఆరు ఇన్వర్టర్లు, అంటే సంకేతాన్ని తలకిందులు చేసే చిన్న సర్క్యూట్లు ఉన్న ఒక సాధారణ లాజిక్ చిప్ నంబరు మాత్రమే. తేదీ వేరే వరుసలో ఉంటుంది. ఇంటెల్ 8086 ప్రాసెసర్ మీద కాపీరైట్ గుర్తు పక్కన కనిపించే 1978 కూడా డిజైన్ హక్కుకు సంబంధించినదే తప్ప ఆ చిప్ పుట్టిన సంవత్సరం కాదు.

ఇప్పుడు తేదీలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఫ్యాక్టరీలు నిల్వ సరుకు వాడేవి కనుక కొన్ని నెలల తేడా సహజమే. అన్నీ 1982, 1983 నాటివై, ఒక్కటి మాత్రం 1986 నాటిదైతే, బోర్డు తిప్పి దాని కాళ్ల దగ్గరి టంకం చూడండి. మిగతావాటికన్నా మెరుస్తూ, చుట్టూ ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోవడానికి పూసే పదార్థం) మరకలు ఉంటే అది మార్చిన చిప్ అనుకోవడానికి బలమైన కారణం ఉన్నట్టే.

[దృశ్యం: మరో బోర్డు. కాగితం అంటించిన 2716 ఈప్రామ్, అంటే డేటా చెరిపి మళ్లీ రాయగల మెమరీ చిప్.]

చిప్ లోపల చూడాలన్న కోరిక నాకు బాగా తెలుసు. ఇంటెల్ 4004 ప్రాసెసర్ సిలికాన్ మీద దాని రూపకర్త ఫెడెరికో ఫాగిన్ వేసుకున్న ఎఫ్.ఎఫ్. అన్న పొడి అక్షరాలను ఫొటోలో చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయితే నల్ల ప్లాస్టిక్ చిప్‌ను తెరవడానికి వేడి నైట్రిక్ ఆమ్లం వాడతారు, అది ఇంట్లో చేయదగిన పని ఎంతమాత్రం కాదు. ఇలాంటి పాత బోర్డుల మీద ఏదీ పగలగొట్టకుండా లోపలి సిలికాన్‌ను చూపేది సాధారణంగా ఈప్రామే, ఎందుకంటే అతినీలలోహిత కాంతితో డేటా చెరిపేందుకు దాని పైన క్వార్ట్జ్ కిటికీ పెట్టారు. పైనుంచి వెలుతురు పడే మైక్రోస్కోప్ కింద మెమరీ గడులు మగ్గం మీది నేతలా వరుసలు కట్టి కనిపిస్తాయి.

కానీ కాగితం ఊడదీసే ముందు చిప్‌ను ఈప్రామ్ రీడర్‌లో పెట్టి అందులోని 2048 బైట్లను కాపీ చేసుకోండి. నేరుగా ఎండ పడితే సుమారు ఒక వారంలో, ట్యూబ్‌లైట్ కింద సుమారు మూడేళ్లలో ఆ డేటా చెరిగిపోతుంది. కాగితం మీద చేత్తో రాసిన వెర్షన్ నంబరు ఉంటే ఫొటో తీయండి, చూడడం పూర్తికాగానే అదే కాగితాన్ని కిటికీ మీద తిరిగి అంటించండి.