గిటార్ కొనేముందు తీగల ఎత్తు చూడండి

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో సగం మంది పిల్లలు, సగం మంది తల్లిదండ్రులు కనిపిస్తున్నారు. గిటార్ నేర్చుకోవడం గురించి, ఏ గిటార్ కొనాలనే దాని గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ రెండూ నా దృష్టిలో ఒకటే విషయం. సరదాగా మొదలుపెట్టి రెండు మూడు నెలల్లో మానేసినవాళ్ళను చాలామందిని చూశాను. "మావాడికి సంగీతం అబ్బలేదండీ" అంటుంది తల్లి. "నా వేళ్ళు పొట్టి సార్" అంటాడు పిల్లవాడు. ఆ గిటార్ చేతిలోకి తీసుకుని ఒక కార్డ్, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా తీగల్ని నొక్కే పట్టు, పట్టి చూస్తే, ఏళ్ళ తరబడి వాయిస్తున్న నా వేళ్ళకే నొప్పి పుడుతుంది. ఇక పన్నెండేళ్ళ పిల్లవాడి సంగతి చెప్పాలా?

మొన్న వేసవిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి క్లాసులో చేరింది. కొత్త గిటార్, నిగనిగలాడుతోంది. సి కార్డ్ పడితే మూడు తీగలు మోగుతున్నాయి, మిగతావి టక్కుమని ఆగిపోతున్నాయి. వేళ్ళ కొసలు కందిపోయి, తీగ అచ్చు లోతుగా పడింది. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల్ని ఫ్రెట్లు అంటారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్టీలు స్కేలు నిలబెట్టి చూశాను. లావు తీగకీ ఫ్రెట్‌కీ మధ్య మూడున్నర మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. స్టీలు తీగల గిటార్‌కి అక్కడ రెండు, మహా అయితే రెండున్నర ఉంటే చాలు. ఈ ఎత్తునే వాయించేవాళ్ళు ‘యాక్షన్’ అంటారు.

తీగలు తీసేసి, వాటి కింది కొసల్ని పట్టి ఉంచే బ్రిడ్జి మీద గాడిలో ఉండే తెల్లటి పట్టీని, అదే శాడిల్‌ని, బయటికి లాగాను. అడుగు నుంచి రెండు మిల్లీమీటర్ల ఎత్తులో పెన్సిల్‌తో గీత గీశాను. తగ్గించాల్సింది ఒక మిల్లీమీటరే కదా, రెండెందుకు అని ఆ అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. పన్నెండో ఫ్రెట్ తీగకి సరిగ్గా సగం దూరంలో ఉంటుంది. చివర రెండు దిగితే మధ్యలో ఒకటే దిగుతుంది. గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, శాడిల్‌ని నిటారుగా పట్టుకుని, గీత దాకా అరగదీశాం. అడుగు ఏమాత్రం వంకరగా అరిగినా మోత చెడుతుంది, అందుకని కాస్త అరగదీయడం, తిప్పి చూడడం, మళ్ళీ అరగదీయడం. తీగలు తిరిగి ఎక్కించి శ్రుతి చేశాక అదే అమ్మాయి, అవే వేళ్ళు, అదే సి కార్డ్ పట్టుకుంది. సి కార్డ్‌కి కావాల్సిన ఐదు తీగలూ మోగాయి. ఆ పిల్ల ముఖం చూసి నాకు సంతోషమూ కలిగింది, కోపమూ వచ్చింది. ఈ పని చేసి ఇవ్వాల్సింది అమ్మేవాళ్ళు.

అందుకే తల్లిదండ్రులకు నేను గట్టిగా చెప్పేది ఇది. పది వేలు పెట్టగలిగితే మొత్తం పదివేలూ గిటార్ మీద పెట్టకండి. అందులో ఒక వెయ్యి సెటప్‌కి, అంటే తీగల ఎత్తు లాంటివి సరిచేయించడానికి, పక్కన పెట్టండి. సెటప్ బాగున్న మామూలు గిటార్ మీద పిల్లలు నిలబడతారు. పేరున్న కంపెనీదైనా తీగలు ఎత్తుగా ఉంటే నిలబడరు.

షాపులో ఏం చూడాలి? ముందు మెడ. లావు తీగను ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో పద్నాలుగో ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కండి. ఇప్పుడా తీగే మీకు స్కేలు. నడుమ, ఏడో ఫ్రెట్ ప్రాంతంలో, విజిటింగ్ కార్డు మందమంత సందు ఉండాలి. అంతకన్నా బాగా ఎక్కువ ఉంటే మెడ విల్లులా వంగిందన్నమాట. చాలా గిటార్లలో మెడ లోపల ఇనుప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు, దాన్ని బిగించి సరిచేయొచ్చు. అది తెలిసినవాళ్ళ చేతే చేయించండి. తర్వాత నట్, అంటే తల దగ్గర తీగలు దాటి వచ్చే గాళ్ళ పట్టీ. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. వెంట్రుక మందమే ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే మొదటి మూడు ఫ్రెట్లలో పట్టే కార్డులన్నీ నరకం. కొత్తవాళ్ళు పట్టేవన్నీ అక్కడే కదా! చివరగా ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా ఒకసారి మీటి, ఎక్కడైనా జరజరమంటుందేమో వినండి. ఐదు నిమిషాల పని. షాపువాళ్ళు విసుక్కుంటే ఇంకో షాపుకి వెళ్ళండి.

ఇక ఏ రకం? నైలాన్ తీగల క్లాసికల్ గిటార్, స్టీలు తీగల అకౌస్టిక్, ఎలక్ట్రిక్. క్లాసికల్ గిటార్ ఇవాళ్టి రూపానికి రావడంలో స్పెయిన్‌లో ఆంటోనియో డి టోర్రెస్ పనితనం పెద్దది, ఆయన 19వ శతాబ్దివాడు. అప్పట్లో తీగలు జంతువుల పేగుతో చేసేవారు. నైలాన్ వచ్చింది రెండో ప్రపంచ యుద్ధ కాలం తర్వాతే. నైలాన్ వేళ్ళకు మెత్తన, కానీ మెడ వెడల్పు: నట్ దగ్గర దాదాపు 52 మిల్లీమీటర్లు. స్టీలు తీగల గిటార్‌కి 43 ఉంటుంది. చిన్న చేతులకి ఆ తేడా తెలుస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. నైలాన్ గిటార్‌కి స్టీలు తీగలు ఎక్కించకండి. స్టీలు తీగలు ఆరూ కలిసి డెబ్బై కిలోల పైచిలుకు బలంతో లాగుతాయి, నైలాన్ అందులో దాదాపు సగమే. బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

మన షాపుల్లో ఎక్కువగా వేలాడేది డ్రెడ్‌నాట్, పెద్ద పొట్ట గిటార్. 1916లో అమెరికాలో మార్టిన్ కంపెనీ ఆ ఆకారాన్ని తెచ్చింది, బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టారు. మోత ఎక్కువ. కానీ పదేళ్ళ పిల్లకి దాని మీదుగా చెయ్యి వేస్తే భుజం పైకి లేస్తుంది, మెడ నొప్పి మొదలవుతుంది. నడుము సన్నగా ఉండే చిన్న బాడీ తీసుకోండి, లేదా ముప్పావు సైజు. తీగలు 10 సెట్ అడగండి, ఆ అంకె సన్న తీగ మందాన్ని చెప్తుంది, 12 కన్నా చాలా తేలిక. ఎలక్ట్రిక్ అయితే 9 సెట్ తీగలతో వేళ్ళకి ఇంకా సుఖం, చిన్న ఆంప్, అంటే మోత పెంచే స్పీకర్ పెట్టె, ఖర్చు కలుస్తుంది. ఎలక్ట్రిక్‌తోనే మొదలుపెడతాననే కుర్రాణ్ణి ఆపకండి. ఏ మోత కోసం మనసు పడ్డాడో ఆ మోతే వాణ్ణి రోజూ కూర్చోబెడుతుంది.

అన్నట్టు, ప్రపంచంలోని మంచి గిటార్ల వెనక పలకలకి, పక్క పలకలకి వాడే రోజ్‌వుడ్‌లో ఎక్కువ భాగం మన దక్షిణ భారతం నుంచి వెళ్ళినదే. బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపేశాక ఆ కంపెనీలు మన చెక్క వైపు తిరిగాయి. అది ఖరీదైన గిటార్ల సంగతి. కొత్తవాళ్ళకు ప్లైవుడ్ పై పలక ఉన్నదే మేలంటాను. విశాఖలో తేమ, వేసవిలో హైదరాబాద్ పొడి, రెంటికీ అది తట్టుకుంటుంది. ఏదైనా సరే, ఎండలో ఆపిన కారులో మాత్రం వదలొద్దు.

వాయిద్యాన్ని మన సంగీతానికి తగ్గట్టు మార్చుకోవడమంటే ఏమిటో చూపించినవాడు మన పాలకొల్లులో పుట్టాడు. మాండలిన్ శ్రీనివాస్. మామూలు మాండలిన్‌కి నాలుగు జతలు, ఎనిమిది తీగలు. జత తీగల్ని లాగి గమకం పలికించడం కష్టం, మీటిన నాదం కూడా తొందరగా ఆగిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. కర్ణాటక సంగీత విద్వాంసులు ఆ చిన్న వాయిద్యానికి తలవంచారు. 2014లో, 45 ఏళ్ళకే వెళ్ళిపోవడం ఇప్పటికీ తట్టుకోలేని విషయం నాకు.

సరే, గిటార్ ఇంటికొచ్చింది. నేర్చుకోవడం ఎలా? రోజూ పావుగంట చాలు. ఆదివారం మూడు గంటలు కూర్చుంటే వేళ్ళు వాస్తాయి, సోమవారానికి విరక్తి వస్తుంది. వేలు ఫ్రెట్‌కి ఆనుకుని, దాని వెనకనే పెట్టండి. అక్కడ సగం బలంతోనే స్వరం పలుకుతుంది. ఇ మైనర్ (E minor) కార్డ్‌తో మొదలుపెట్టండి, రెండు వేళ్ళే. తర్వాత జి, సి, డి. కార్డ్ పట్టడం కన్నా ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం కష్టం, సాధన అంతా అక్కడే చేయాలి. నెమ్మదిగా, తాళం తప్పకుండా. ఒకే వేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కాల్సిన ఎఫ్ బార్ కార్డ్ దగ్గర అందరూ టెన్షన్ పడతారు. ఆరు నెలలు దాని జోలికి వెళ్ళకపోయినా పాటలు ఆగవు. మూడు నాలుగు వారాల్లో వేళ్ళు కాయగడతాయి. చర్మం మంట మామూలే, మణికట్టు నొప్పి మాత్రం మామూలు కాదు. అది వస్తే ఆపేసి, చెయ్యి పెట్టే తీరు చూపించుకోండి.

వీడియో పాఠాల్లో చాలావరకు నాలుగు లెక్కల కొట్టుడే నేర్పుతారు. మన పాటల్లో ఎన్నో తిస్ర నడకలో, అంటే మూడు లెక్కల్లో, ఉంటాయి. తకిట తకిట అని నోటితో అంటూ చెయ్యి ఆడించండి, తీగల్ని మోగనివ్వకుండా. ఈ నడక మన పిల్లలకి జోలపాటల నుంచే తెలుసు, చేతికి దించడమే మిగిలింది.

ఇంట్లో అమ్మో, అక్కో కర్ణాటక సంగీతం పాడేవాళ్ళయితే ఒక కేపో కొనండి, అంటే మెడకి బిగించి తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్పు. ఆమె శ్రుతి ఐదున్నర అనుకోండి, అంటే జి షార్ప్. కేపో మొదటి ఫ్రెట్‌కి బిగించి జి కార్డులే పట్టండి, శ్రుతి కలిసిపోతుంది. ఒకటో శ్రుతి సి, రెండో శ్రుతి డి, వీటికి కేపో కూడా అక్కర్లేదు. ఒకరు పాడుతుంటే పక్కన వాయించిన పిల్లలు గిటార్ వదలడం నేను పెద్దగా చూడలేదు.

నేను చెప్పదలచింది ఇంతే. గిటార్లు తెచ్చుకున్నవాళ్ళు వాటిని ఈ బల్ల దగ్గరికి తీసుకురండి, తీగల ఎత్తు కొలుద్దాం. ఎక్కువ ఉన్నవాటికి శాడిల్ ఎంత తగ్గించాలో కాగితం మీద రాసిస్తాను. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.