ఒక్క విత్తనానికి పదేళ్లా?

పెద్దలకు, రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు, వ్యవసాయ కళాశాల పిల్లలకు నమస్కారం.

ఇందాక గట్టు మీద ఆచంట నుంచి వచ్చిన రైతు ఒకాయన నన్ను అడిగారు: "మా అబ్బాయిని బళ్లో వేసిన ఏడాది కొత్త వరి రకం కోసమని ఆ మడిలో కర్ర పాతారండీ. వాడు పదో తరగతి పాసైపోయాడు. విత్తనం ఇంకా రాలేదేంటండీ?" అడగాల్సిన మాటే అడిగారు. కొత్త వరి రకాలు తయారుచేసే ఈ పనిలో ముప్పై ఏళ్లుగా ఉన్నాను కాబట్టి జవాబు చెప్పాల్సిన బాధ్యత నాది.

వరి పువ్వులో ఆరు పుప్పొడి తిత్తులుంటాయి. పువ్వు విచ్చుకునే వేళకే దాని పుప్పొడి దాని మీదే రాలిపోతుంది. రెండు రకాలను కలపాలంటే అలా రాలనివ్వకూడదు. అందుకని ముందురోజు సాయంత్రమే పొట్టు కొస కత్తిరించి, ఆ ఆరింటినీ ఒక్కటి కూడా మిగలకుండా తీసేస్తాం. కంకికి కాగితం సంచి తొడుగుతాం. మర్నాడు రెండో రకం పుప్పొడి తెచ్చి దులుపుతాం. ఇంత చేస్తే దక్కేది గుప్పెడు గింజలు.

మొదటి తరం మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. రెండో తరంలో అసలు కథ మొదలవుతుంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందే ఈనుతుంది, ఒకటి పడిపోతుంది. మంచివి ఏరి మళ్లీ వేస్తాం, మళ్లీ ఏరతాం. మడంతా ఒకే తీరుకు రావడానికి ఆరేడు తరాలు పడుతుంది. దాళ్వాలో, అంటే రబీలో కూడా వేసి తొందరపెట్టొచ్చు కదా అంటారు. కొంతవరకు చేస్తాం. కానీ సార్వా, అంటే ఖరీఫ్ రకం గుణం సార్వాలోనే తెలుస్తుంది. నవంబరు తుపాను గాలికి నిలబడుతుందో లేదో ఏప్రిల్ ఎండలో ఎలా చెప్పగలం?

ఆ తర్వాత రకరకాల నేలల్లో ఏళ్ల తరబడి పరీక్షలు. ఒకసారి కోతకు వారం ముందు తుపాను వచ్చి మా మళ్లన్నీ కలిసిపోయాయి. ఏ కంకి ఏ రకానిదో తెలియదు. ఆ ఏడాది లెక్కలన్నీ పక్కన పెట్టేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా అనుమానంగా ఉన్న లెక్కతో మీ చేతికి విత్తనం ఇవ్వలేం. మాకు పోయేది ఒక ఏడాది, మీకు పోయేది పెట్టుబడంతా.

మన మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం, ఎంటీయూ 7029, 1982లో విడుదలైంది. దిగుబడిలో దానికి వంక పెట్టలేం. మురుగు కాలవ పొంగి చేను మునిగితే మాత్రం కుళ్లిపోయేది. ఒడిశాలో ఒక పాత రకానికి ముంపును తట్టుకునే గుణం ఉందని పరిశోధకులకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. దానితో సంకరం చేస్తే ఆ గుణంతోపాటు దాని తక్కువ దిగుబడి కూడా వచ్చేసేది. ఆ గుణం తొమ్మిదో క్రోమోజోములో ఉందని 1996లో తేలింది. అసలు జన్యువు ఏదో 2006లో తెలిసింది. దాన్ని స్వర్ణలోకి తెచ్చి, మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలిపి, మిగతా గుణాలేవీ మారకుండా చూశారు. అలా 2009లో వచ్చింది స్వర్ణ సబ్-1. సబ్-1 అంటే ఆ ముంపును తట్టుకునే గుణానికి పెట్టిన పేరు.

మామూలు వరి నీట మునిగితే గాలి కోసం ఆత్రంగా పొడుగు సాగి, ఉన్న బలమంతా ఖర్చు చేసుకుంటుంది. ఇది అలా సాగదు. బలం దాచుకుని దాదాపు రెండు వారాలు నీటి కింద ఉండి, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది.

ఆచంట పెద్దాయనా, మీరడిగిన మడి అదిగో, ఆ రెండో గట్టు అవతల. అందరూ దిగి చూడండి. ఏ వరస నచ్చితే దానికి ఈ ఎర్ర దారం కట్టండి. వచ్చే సార్వాకు ఏవి ఉంచాలో మీ దారాలు కూడా చూసే నిర్ణయిస్తాం.