‘పది నిమిషాలు’ తీసేశారు, పరుగు ఆగిందా?

(స్టూడియో చర్చ. ఇద్దరు ఒకేసారి మాట్లాడిన చోట వినిపించినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవియా డెలివరీ కంపెనీలతో మాట్లాడాక, ‘పది నిమిషాల్లో డెలివరీ’ అనే మాట ప్రకటనల్లోంచి పోవడం మొదలైంది. మరి రోడ్డు మీద పరుగు తగ్గిందా? సూటిగా అడుగుతా. హెల్మెట్ బండికి తగిలించి రాంగ్ రూట్‌లో వచ్చే డెలివరీ కుర్రాడిది తప్పు కాదా?

యూనియన్ నాయకుడు: తప్పేనండీ. కానీ ఆ కుర్రాడిని రాంగ్ రూట్‌లోకి తోసిందెవరు? 2025 డిసెంబర్ 31న డెలివరీ రైడర్లు సమ్మె చేసింది దీని గురించే. ప్రకటనలో అక్షరాలు మార్చారు. రేటింగు మారిందా? ఇన్సెంటివ్ లెక్క మారిందా?

హబ్ మేనేజర్: సార్, మా యాప్‌లో టైమర్ రైడర్‌కి కనిపించదు. సరుకు ప్యాక్ చేయడం త్వరగా...

యూనియన్ నాయకుడు: టైమర్ కనిపించదు, కొత్త ఆర్డర్ వస్తే ఫోన్ మోగుతుంది కదా సార్! బండి నడుస్తుంటే హ్యాండిల్ మీద స్క్రీన్ వెలుగుతుంది, గుండ్రటి గీత తరిగిపోతూ ఉంటుంది. అది అయిపోయేలోపు వేలు పెట్టాలి. వాన పడుతుంటే తడి వేలికి స్క్రీన్ పలకదు. ఎడమ చేయి చొక్కాకి తుడుచుకుని మళ్లీ నొక్కుతాడు. ఆ కాసేపు కళ్లు రోడ్డు మీద ఉంటాయా?

యాంకర్: అన్నా, హెల్మెట్ దగ్గరికి రండి...

యూనియన్ నాయకుడు: వస్తా, పూర్తి చేయనివ్వండి.

రిటైర్డ్ ఎంవీఐ (మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్): ఒక్క మాట. బండి నడుపుతూ ఫోన్ చేత్తో వాడటం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది. 2019 సవరణలో చేర్చారు. పని చేయాలంటే తప్పు చేయక తప్పదన్నట్టు యాప్ ఉంటే, దాన్ని మార్చాల్సింది కంపెనీయే. బండి ఆగాకే ఆర్డర్ కనిపించేలా...

యూనియన్ నాయకుడు: అదే! మేడం చెప్పింది అదే నేను చెప్పేది! బండి ఆగాకే ఆర్డర్ రావాలి!

యాంకర్: హెల్మెట్ లేకపోతే 194డి కింద వెయ్యి జరిమానా ఉంది కదా మేడం? అది గట్టిగా వేస్తే?

రిటైర్డ్ ఎంవీఐ: వేయాలి. లైసెన్సు మూడు నెలలు ఆపే వీలూ ఉంది. కానీ లెక్క చూడండి. మూడు కిలోమీటర్లు 40 వేగంతో వెళితే నాలుగున్నర నిమిషాలు, 60తో వెళితే మూడు. మిగిలింది నిమిషంన్నర. అదే 60లో బ్రేకు కొడితే బండి ఆగే దూరం రెట్టింపు కంటే ఎక్కువ. ఆ మిగిల్చిన నిమిషంన్నర అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే పోతుంది...

యూనియన్ నాయకుడు: గేటు దగ్గర! చాలా చోట్ల లిఫ్ట్ ఎక్కనివ్వరండీ. ఐదో అంతస్తు దాకా మెట్లెక్కి దిగాలి. వాచ్‌మన్ రిజిస్టర్‌లో రాయమంటాడు. ఆ టైమ్ ఎక్కడ పూడ్చుకోవాలి? రోడ్డు మీదేగా!

హబ్ మేనేజర్: అసోసియేషన్లతో మేమూ మాట్లాడుతున్నాం. గుంతల సంగతి కూడా...

యాంకర్: గుంతలు ఇంకో రోజు మాట్లాడదాం. నేను మళ్లీ అడుగుతున్నా. మీ రైడర్లకు ఐఎస్‌ఐ హెల్మెట్ ఇస్తారా?

హబ్ మేనేజర్: చేరిన రోజు ఇస్తాం. పెట్టుకునేది, పెట్టుకోనిది...

యూనియన్ నాయకుడు: పన్నెండు గంటలు బండి మీద ఉన్నవాడికి తల తిరుగుతుంది సార్!

రిటైర్డ్ ఎంవీఐ: లారీ, బస్సు డ్రైవర్లకు రోజుకు ఎనిమిది గంటలు, ఐదు గంటలకొకసారి అరగంట విశ్రాంతి అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాశారు. రైడర్‌ని మాత్రం ఉద్యోగి అనరు, పార్ట్‌నర్ అంటారు. ఆయన ఎన్ని గంటలు నడిపాడో ఎవరు చూస్తున్నారు?

హబ్ మేనేజర్: లాగిన్ అవడం వాళ్లిష్టం మేడం, మేము ఎవరినీ...

యూనియన్ నాయకుడు: ఇష్టమా! సాయంత్రం పీక్ అవర్ వదిలేస్తే ఇన్సెంటివ్ పోతుంది. ఇంటద్దె కట్టాల్సినవాడికి అది ఇష్టం ఎలా అవుతుంది?

(మేనేజర్ మాట్లాడబోయారు, వినిపించలేదు.)

యాంకర్: అన్నా, అవునా కాదా చెప్పండి. హెల్మెట్ పెట్టుకోమని మీ యూనియన్ చెబుతుందా?

యూనియన్ నాయకుడు: ప్రతి మీటింగులో చెబుతాం. బకిల్ కూడా పెట్టుకోమంటాం. ఇక ఫోన్ సంగతి. కదులుతున్న బండికి ఆర్డర్ పంపడం ఎప్పుడు ఆపుతారో సార్ ఇప్పుడే చెప్పాలి.

హబ్ మేనేజర్: అది నా చేతిలో లేదండీ, హెడ్ ఆఫీసు టెక్నికల్ టీమ్...

యూనియన్ నాయకుడు: చూశారా! చూశారా!

యాంకర్: బ్రేక్ తీసుకుందాం. వచ్చాక హెల్మెట్ దగ్గరి నుంచే మొదలుపెడదాం.

యూనియన్ నాయకుడు: హెల్మెట్ కాదండీ, ఫోన్...