త్రాసు కాదు, కావడి

"ఉన్నవాడి దగ్గర తీసుకుని లేనివాడికి పెడితే స్వేచ్ఛ పోయినట్టే" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇలా అనేవాళ్ల మనసులో ఉన్నది త్రాసు. ఒక పళ్లెం లేస్తే రెండోది దిగాల్సిందే. నాకైతే ఇది కావడి: ఒక కుండలో స్వేచ్ఛ, రెండోదాంట్లో సమానత్వం. ఒక కుండ తీసి చూడండి, రెండోదీ నేల మీదే ఉంటుంది. మోసే భుజం ప్రభుత్వం.

మన రాజ్యాంగం కథే చూడండి. బిహార్ జమీందారీ రద్దు చట్టాన్ని 1951లో పాట్నా హైకోర్టు కొట్టేసింది. ఏ హక్కు కింద? సమానత్వ హక్కు! పరిహారం లెక్కగట్టేటప్పుడు చిన్న జమీందారుకు ఆదాయానికి ఎక్కువ రెట్లు, పెద్ద జమీందారుకు తక్కువ రెట్లు ఇవ్వడం వివక్ష అట. శిస్తు కట్టే రైతు కుండ ఎప్పుడు నిండాలి మరి?

ఆ ఏడాదే నెహ్రూ ప్రభుత్వం మొదటి సవరణతో తొమ్మిదో షెడ్యూలు తెచ్చింది. అందులో చేర్చిన చట్టాన్ని ప్రాథమిక హక్కుల పేరుతో సవాలు చేయడానికి వీల్లేదు. అప్పటికి అది అవసరమే అంటాను. కానీ భుజానికి రుచి తగిలింది. 13 చట్టాలతో మొదలైన జాబితా 284కు చేరింది. భూసంస్కరణలతో సంబంధం లేనివీ అందులో దూరాయి. మోసేవాడే దారిలో నీళ్లు తాగేస్తుంటే అడిగేదెవరు?

ఎమర్జెన్సీలో, 1976లో, 42వ సవరణ ఇంకో అడుగు వేసింది. ఆదేశిక సూత్రాల (ప్రభుత్వానికి రాజ్యాంగం పెట్టిన సంక్షేమ లక్ష్యాల) కోసం చేశామంటే చాలు, ఆ చట్టాన్ని 14 (సమానత్వం), 19 (స్వేచ్ఛ) అధికరణల కింద ప్రశ్నించకూడదు. అంటే పేదవాడి కుండ చూపించి స్వేచ్ఛ కుండ దింపేయడమే. 1980లో మినర్వా మిల్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. తీర్పులో ప్రాథమిక హక్కుల్నీ ఆదేశిక సూత్రాల్నీ రథచక్రాలతో పోల్చారు, ఒకటి విరిగితే రెండోదీ పనికిరాదని. రథం ఎక్కినవాళ్ల పోలిక అది, నేను కావడి దగ్గరే ఉంటాను.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. 1973లో కేశవానంద భారతి కేసు, 7-6 తేడాతో 'మౌలిక స్వరూపం' తీర్పు: రాజ్యాంగాన్ని సవరించొచ్చు గానీ దాని మూల రూపాన్ని చెరపకూడదని. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి 300ఎ అధికరణకు మారింది. అంటే లాక్కోవచ్చని కాదు, చట్టం లేకుండా తీసుకోకూడదు. 2007లో, ఆ కేశవానంద తీర్పు వచ్చిన 1973 ఏప్రిల్ 24 తర్వాత తొమ్మిదో షెడ్యూలులో చేరినవాటిని పరిశీలిస్తామని కోర్టు చెప్పింది. 2024 నవంబర్‌లో తొమ్మిది మంది జడ్జీల తీర్పు: ప్రతి ప్రైవేటు ఆస్తీ సమాజ వనరు (అంటే అందరి మేలు కోసం ప్రభుత్వం పంచగలిగేది) కాదు, కొన్ని కావచ్చు. వనరు స్వభావం, కొరత, కొద్దిమంది చేతుల్లో పోగుపడితే వచ్చే ఫలితం చూసి తేల్చాలి. ఇక ఏ నీళ్లు ఎవరివో కేసు కేసుకీ కొట్లాటే.